ఓడిన తర్వాతి సోమవారం

ఎన్నికల్లో ఓడిపోయినవాడు మొదటి వారం ఏం చేయాలో ఎవరూ చెప్పరు. గెలిచినవాడికి దండలుంటాయి, బాణసంచా ఉంటుంది, కొత్తగా పుట్టుకొచ్చిన బంధువులుంటారు. నాకు మిగిలింది నా చేతులు. ఆరు వారాలపాటు కనిపించిన వారందరికీ దండం పెట్టిన ఆ చేతులు, ఫలితాలు వచ్చాక కూడా ఆగలేదు. లిఫ్టులో పెట్టాను. ఆఫీసు గేటు దగ్గర కార్డు చూపించాల్సిన చోట పెట్టాను. ఒక మీటింగులో, తెర మీద కనిపిస్తున్న విదేశీ క్లయింటుకి పెట్టాను. పాపం ఆయన కూడా తిరిగి పెట్టాడు.

నేను సాఫ్ట్‌వేర్ టెస్టింగ్‌లో పనిచేస్తాను. పద్దెనిమిదేళ్లుగా ఇతరుల తప్పులు పట్టుకుని జీతం తీసుకుంటున్నాను. ఆ ధైర్యంతోనే మా డివిజన్‌లో కార్పొరేటర్ పదవికి స్వతంత్రంగా నిలబడ్డాను. నాకిచ్చిన గుర్తు ఇస్త్రీపెట్టె. కరపత్రాలు పంచిన మర్నాడు పై అంతస్తు ఆయన రెండు చొక్కాలు పట్టుకొచ్చి, సాయంత్రానికల్లా కావాలన్నాడు.

మా అపార్టుమెంట్లో మాత్రం నాకు తిరుగులేదనుకున్నాను. వాట్సాప్ గ్రూపులో పోటీ సంగతి పెట్టగానే మూడు వందల మంది బొటనవేలు ఎత్తి చూపించారు. వాటిని రెండుసార్లు లెక్కపెట్టి పట్టిక కూడా వేసుకున్నాను. నేను పరీక్షించకుండా వదిలేసిన విషయం ఒక్కటే. ఆ వేళ్లలో చాలావాటి ఓటు గుంటూరులోనో భీమవరంలోనో ఉంది. ఇక్కడ ఇల్లు కొన్నారు, పిల్లల్ని బళ్లో వేశారు, ఓటు మాత్రం ఊళ్లోనే ఉంచుకున్నారు, పాత ఇనప్పెట్టెలా. ఇక్కడే ఓటున్న కొద్దిమందికేమో పోలింగు సెలవు శనాదివారాలకు ఆనుకుని వచ్చింది.

బూత్‌లవారీ లెక్క చూస్తే మా అపార్టుమెంటు బూత్‌లో నాకు పదిహేడు. అందులో రెండు మా ఇంటివి.

"రెండని మీకెలా తెలుసండీ?" అంది మా ఆవిడ.

మర్నాటి నుంచి లిఫ్టులో కలిసినవాళ్లందరూ "మా ఇంట్లో ఓట్లన్నీ మీకేనండి" అనేవారు. పద్దెనిమిదో ఆయన కూడా అదే మాట అన్నాక మెట్లెక్కడం మొదలుపెట్టాను. మాది తొమ్మిదో అంతస్తు. ఓటమి ఆరోగ్యానికి మంచిదే.

అయితే నన్ను నిలవనివ్వనిది ఆ పదిహేడు కాదు. అదే కాగితంలో ఇంకో అంకె ఉంది. నానక్‌రామ్‌గూడ పాత ఊరి బూత్‌లో నాకు నలభై మూడు వచ్చాయి. టవర్ల మధ్య మిగిలిపోయిన ఆ సందులకు ప్రచారంలో నేను వెళ్లింది ఒకే ఒక్క పొద్దున, అదీ గంటసేపు. అక్కడి ఆడవాళ్లు చాలామంది ఎదుటి టవర్లలో హౌస్‌కీపింగ్ పని చేస్తారు. ఆరింటికల్లా లోపలుండాలి. మధ్యలో ఉన్న వెడల్పాటి రోడ్డుకి సిగ్నల్ లేదు, దాటే చోటని చెప్పే తెల్ల గీతలూ లేవు. షేర్ ఆటో ఎక్కి చుట్టూ తిరిగి వస్తే అరగంట. అందుకని పరుగెత్తి దాటుతారు. నేను వెళ్లడానికి కొద్దిరోజుల ముందే ఒకామెకి కాలు విరిగింది.

అది విన్నాక నాకు ఆవేశం వచ్చింది. అలవాటు లేని పని కాబట్టి అదుపు తప్పింది. మైకు పట్టుకుని, "గెలిచినా ఓడినా, ఫలితాల తర్వాత మొదటి సోమవారం పొద్దున ఐదున్నరకి ఇక్కడుంటాను. మీతోపాటు ఈ రోడ్డు దాటుతాను. మిగతా పనులు ఆ తర్వాతే" అన్నాను. చప్పట్లు కొట్టారు. ప్రచారం మొత్తంలో, మేం ముందుగా చెప్పి ఉంచకుండా పడిన చప్పట్లు అవే.

ఆ సోమవారం నేను వెళ్లలేదు.

నిద్రపోయి కాదు. ఐదింటికే స్నానం చేసి, చొక్కా వేసుకుని, బూట్లు తొడుక్కుని సోఫాలో కూర్చున్నాను. ఓడినవాడు ఇంకా వస్తున్నాడేమిటని నవ్వుతారనిపించింది. అసలు ఓడినవాడి మాట ఎవరు గుర్తుపెట్టుకుంటారులే అని కూడా అనిపించింది. రెండూ ఒకేసారి నిజం కాలేవని తెలుసు. అయినా రెంటినీ వాడుకున్నాను.

మా ఆవిడ కాఫీ తెచ్చి, బూట్ల వంక చూసింది. "వెళ్తున్నారా, వెళ్లొచ్చారా?"

"ఆలోచిస్తున్నాను."

"బూట్లు విప్పి కూడా ఆలోచించుకోవచ్చండీ."

ఆ తర్వాత మూడు వారాలు నేను ఒకచోట కుదురుగా కూర్చున్నది లేదు. ఆ రోడ్డు మీదుగా ఆఫీసుకి పది నిమిషాలు. నేను గచ్చిబౌలి చుట్టూ తిరిగి నలభై నిమిషాల్లో వెళ్లేవాణ్ని. సినిమాకి వెళ్తే అరగంటలో లేచి వచ్చేశాను. అన్నం తిన్న వెంటనే ఫ్రిజ్ తలుపు తీసి, ఏం కావాలో తెలియక మూసేవాణ్ని. ఎవరైనా సోమవారం అంటే చాలు, ఏదో పని ఉన్నట్టు లేచి నిలబడేవాణ్ని.

ఒక మధ్యాహ్నం ఆఫీసు పాంట్రీలో సీసాలో నీళ్లు పట్టుకుంటున్నాను. నేల తుడుస్తున్నామె కర్ర ఆపి నా వైపు చూసింది. యాభై ఏళ్లుంటాయి. మా అంతస్తులో రోజూ కనిపించే మనిషే. డివిజన్‌లో సగం మందిని మీ ఇల్లెక్కడని అడిగిన నేను, ఆమెని ఎన్నడూ అడగలేదు.

"ఇస్త్రీపెట్టె సారువి నువ్వే గద?"

చేతులు వాటంతటవే లేచాయి. సీసాలోని నీళ్లు చొక్కా మీద పడ్డాయి.

"దండం తర్వాత పెడుదువు గని. సోమారం వస్తనన్నవ్, ఏమాయె?"

"మీరు ఎదురుచూశారా?"

"చూడమా మరి. ఎనిమిది మందిమి నిలబడ్డం. జర ఆగుదం, సారు వస్తడు, సదువుకున్నోడు అని నేనే ఆపిన అందర్ని. లేటైందని నన్ను, ఇంకిద్దర్ని లోపటికి రానియ్యలే. ఎనక్కి పంపిన్రు."

నా దగ్గర సిద్ధంగా ఉన్న కారణాల్లో ఒకటి బయటికి తీశాను. "ఓడిపోయాను కదమ్మా. ఏ మొహంతో రావాలో తెలియలేదు."

"ఓడినవని మాకు ఎర్కనే. రోడ్డు దాటనీకి గెల్సుడెందుకు సారూ?"

వచ్చే సోమవారం తప్పకుండా వస్తానని చెప్పబోయాను. ఆమె కర్ర మళ్లీ అందుకుని, "ఇగ ఏ దినమొస్తవో చెప్పకు. చెప్తే మల్ల నిలబడాలె" అని తన పని చూసుకుంది.

చెప్పకుండానే మర్నాడు వెళ్లాను. పాత ఊళ్లో కారు ఆపి రోడ్డు అంచుకి వచ్చేసరికి ఆరేడుగురు ఉన్నారు.

"అగో, వచ్చిండు" అంది ఒకామె. "మూడు వారాలు ట్రాఫిక్‌ల ఇర్కినవా సారూ?"

"ఉర్కనీకొస్తదా?" అంది ఇంకొకామె, నా పొట్ట వైపు చూస్తూ.

"కాలేజీలో పరుగెత్తేవాణ్ని."

"కాలేజీల కార్లు రావు గద."

పాంట్రీ ఆమె నవ్వలేదు. నా మణికట్టు గట్టిగా పట్టుకుంది. "నేను ఉర్కు అంటే ఉర్కు. నడుమల ఆగకు. ఎవరికీ దండం పెట్టకు."

ఉరికాం. డివైడర్ ఎక్కేలోపు ఒక కారు నా పక్కనుంచి గాలిలా పోయింది. హారన్ మాత్రం తీరిగ్గా, పోయాక వినిపించింది. ఆ రోడ్డు మీద మలుపు దాటగానే వేగం పెంచేవాళ్లలో నేనూ ఒకణ్ని, పన్నెండేళ్లుగా. అక్కడ ఎవరూ అడ్డురారన్నది నా లెక్క. రెండో సగం ఎలా దాటానో గుర్తులేదు. అవతల ఆమె చెయ్యి వదిలేసరికి మణికట్టు మీద వేళ్ల గుర్తులు తేలాయి.

"మంచిగనే దాటినవ్. ఇగ అర్జీ రాయి. సంతకాలు మేం పెడ్తం" అని, జవాబు కోసం ఆగకుండా మిగతావాళ్లతో కలిసి మా ఆఫీసు టవర్ వెనక గేటులోకి వెళ్లిపోయింది. అప్పటికి ఆరు కావడానికి ఇంకా ఏడు నిమిషాలున్నాయి.

నా కారు రోడ్డుకి అవతల ఉంది. ఉర్కు అనేవాళ్లు లేరు. రెండుసార్లు అడుగు వేసి వెనక్కి తీసుకున్నాను. మూడోసారి వేయనేలేదు. గేటు దగ్గర కాపలా ఉన్నాయన చాలాసేపు చూసి, దగ్గరికి వచ్చాడు.

"ఏంది సార్, ఎవరి కోసం నిలబడ్డరు?"

"ఎవరి కోసమూ కాదు. అటు దాటాలి."

"సీదా పోయి, ఫ్లైఓవర్ కింద యూటర్న్ కొట్టి..." అని చెయ్యి చాపి చూపిస్తూ, నా వెనకా ముందూ కారేదీ లేదని గమనించి ఆగిపోయాడు.