మూడు ప్లగ్గుల కోసం ఉమ్ అల్ క్వైన్ దాకా

నవంబరులో ఒక గురువారం ఉదయం ఏడు గంటలకు దుబాయ్ అల్ ఖూజ్‌లోని మా మేనల్లుడు సుధాకర్ గది నుంచి బయల్దేరాను. చేతిసంచిలో ఒక జత బట్టలు, నీళ్ళ సీసా, బీపీ మాత్రలు. ఒక చిన్న జపాన్ ట్రక్కుకు మూడు స్పార్క్ ప్లగ్గులు వెతికి, మర్నాటి ఉదయానికల్లా ఉమ్ అల్ క్వైన్‌లోని ఒక మొక్కల తోటకు చేర్చాలి. పని అంతే.

ఆ తోటలో పనిచేసే మల్లేశ్‌ది జగిత్యాల దగ్గర పల్లె. దుబాయ్ వచ్చిన కొత్తలో సుధాకర్‌తో ఒకే లేబర్ క్యాంపులో ఉండేవాడు. తోటలోని ట్రక్కు జపాన్‌లో వాడి వదిలేస్తే ఇక్కడికి వచ్చింది. స్టీరింగు కుడివైపు ఉంటుంది కాబట్టి రోడ్డెక్కడానికి వీల్లేదు. కంచె లోపలే తిరుగుతూ, వెనక వరుసల్లో ఉన్న ఖాఫ్, అంటే మన జమ్మి, మొక్కలకు నీళ్ళ ట్యాంకు మోస్తుంది. మల్లేశ్‌కు ఇక్కడి లైసెన్సు లేదు. ఊళ్ళో ట్రాక్టరు నడిపిన చెయ్యి చూసి, కంచె లోపల బండి నడపడానికి అర్బాబ్, అంటే యజమాని, ఒప్పుకున్నాడు.

ఇప్పుడు ప్లగ్గులు పోయి ఆ బండి ఆగిపోయింది. శుక్రవారం ఉదయం తుక్కు లారీ వస్తుందనీ, నడవని బండి అందులో పోతుందనీ, మల్లేశ్ అబూధాబీ దగ్గర ముసఫ్ఫాలో ఉన్న యజమాని అన్నగారి గోదాముకు లోడింగు పనికి వెళ్ళాలనీ అర్బాబ్ చెప్పేశాడు. సుధాకర్ కలిపిన ఫోనులో మల్లేశ్ ఏడవలేదు, బతిమాలలేదు. "ఈడ నన్ను అందరు డ్రైవర్ అంటరు సార్. ఆడికి పోతే మల్ల హెల్పర్‌నే," అన్నాడు.

నేను పత్రిక నుంచి రిటైరై, విజిట్ వీసా మీద వచ్చి ఖాళీగా ఉన్నవాణ్ణి. అతను పంపిన బండి ఫొటో పట్టుకుని ఆ వారమంతా అల్ ఖూజ్ దుకాణాల చుట్టూ తిరిగాను. ప్రతి కౌంటరులో మొదట అడిగేది ముల్కియా, అంటే బండి రిజిస్ట్రేషన్ కార్డు. రోడ్డెక్కని బండికి ఆ కార్డు ఎక్కడిది? పోనీ అని ఛాసీ నంబరు చెబితే కంప్యూటరు తీసుకోలేదు. జపాన్‌లో అమ్మిన బళ్ళకు నంబరు పొట్టిగా ఉంటుందట. ఇక్కడి కంప్యూటరుకు పొడుగు నంబరే కావాలి. చివరికి ఒకాయన దయతలచి, ఫొటోలు కట్టిపెట్టి, పాత ప్లగ్గు చేత పట్టుకుని షార్జా దుకాణాల్లో అడగమన్నాడు. షార్జాకు ప్లగ్గు పట్టుకుని రమ్మని మల్లేశ్‌కు ఫోను చేశాను.

ఫీడరు బస్సులో మెట్రో స్టేషనుకు, అక్కణ్ణించి మెట్రోలో యూనియన్‌కు, మళ్ళీ బస్సులో షార్జా జుబైల్ బస్ స్టాండుకు. నా వెనక వచ్చేవాళ్ళకు ఒక మాట: మెట్రోకూ బస్సుకూ పనికొచ్చే నోల్ కార్డులో ముందే డబ్బు వేయించుకోండి, దిగేటప్పుడు కూడా కార్డు తాకించడం మరవకండి. బస్సులో నా పక్క సీటులో భీమవరం వైపు నర్సు ఒకావిడ కూర్చుంది. రాత్రి డ్యూటీ దిగి ఇంటికి వెళుతోంది. నా పని విని నవ్వింది. "ప్లగ్గుల కోసం ఎమిరేట్లు దాటుతున్నారా అండీ? మా ఆయనైతే ఈపాటికి బండే మార్చేసేవారు," అని, దిగేముందు సంచిలోంచి ఒక కమలాపండు తీసి నా చేతిలో పెట్టింది.

జుబైల్‌లో మల్లేశ్ నాకంటే ముందే వచ్చి నిలబడి ఉన్నాడు. తెల్లవారకముందే వెనక వరుసలకు బకెట్లతో నీళ్ళు మోసి వచ్చాడట. అరచేతులు ఎర్రగా కమిలి ఉన్నాయి. కెఫ్టీరియాలో పరోటా, కరక్ చాయ్ కానిచ్చి, టాక్సీలో ఇండస్ట్రియల్ ఏరియాకు వెళ్ళాం.

మొదటి దుకాణంలో కౌంటరు మీద అతను ఒక పొట్లం విప్పాడు. రెండు పొరల టిష్యూ కాగితంలో ప్లగ్గు తళతళలాడుతోంది. కౌంటరాయన మలయాళీ. దాన్ని అటూ ఇటూ తిప్పి చూసి, నంబరేదని హిందీలో అడిగాడు. నంబరు లేదు. పింగాణీ మీద అక్షరాలుండాల్సిన చోట తెల్లగా నున్నగా ఉంది.

జరిగింది ఇది. క్యాంపులో ముదీర్‌కు, అంటే మేనేజరుకు, ఏ పనిముట్టు చూపించాలన్నా ముందు తుడిచి చూపించాలి. మురికి సామాను చూపిస్తే మాట పడాలి. మల్లేశ్‌కు అదే అలవాటు. ప్లగ్గులు మూడూ విప్పి, పెట్రోలులో కడిగి, గరుకు కాగితంతో రుద్దాడు. రుద్దడంలో ఒకటి పగిలింది. మిగిలిన రెండింటి మీద అక్షరాలు పోయాయి.

"దుకాణపోల్లకు జూపెట్టేది గదా సార్, మంచిగ తోమిన," అన్నాడు.

కౌంటరాయన ఒక్క క్షణం మా ఇద్దరినీ మార్చి మార్చి చూశాడు. మర కొలిచి, ఇది సన్న మర అనీ, ఇక్కడి కార్లకు ఎక్కువగా వాడే రకం కాదనీ చెప్పాడు. మర కుదిరినా లోపలికి దిగే పొడవు తేడా వస్తే ఇంజను దెబ్బతింటుందట. నంబరు లేకుండా తాను ఇవ్వనన్నాడు. అతని మాటల్లో విసుగు లేదు. అలాంటి బండి, సగానికి కోసిన పాత బళ్ళ యార్డులో దొరకవచ్చునని దారి కూడా చూపించాడు.

జపాన్ నుంచి వచ్చే పాత బళ్ళను మధ్యకు కోసి, ముందు సగాలు ఒకచోట, వెనక సగాలు ఒకచోట పేర్చిన పెద్ద ఆవరణలు అక్కడ వరసగా ఉన్నాయి. ఎండలో రెండు యార్డులు తిరిగాం. మూడోదాంట్లో, పొడుగు కార్ల మధ్య ఇరుక్కుని, చిన్న ట్రక్కు ముందుభాగం కనిపించింది. మల్లేశ్ పరుగున వెళ్ళి సీటు ఎత్తి చూశాడు. ఆ బళ్ళకు ఇంజను సీటు కింద ఉంటుంది. అదే ఇంజను.

యార్డు యజమాని ఒక పఠాను, అరవై దాటిన మనిషి. విడి సామాను అమ్మనన్నాడు. ఇంజను మొత్తంగానే అమ్ముతాడు. ఎవరో విప్పి చూసిన గుర్తులుంటే కొనేవాడికి అనుమానం వస్తుందట. అమ్మనక్కర్లేదు, నంబరు చూసి మళ్ళీ బిగించేస్తాం అని నేను నా వచ్చీరాని ఉర్దూలో చెప్పాను. ఆయన గడ్డం నిమురుకుంటూ మల్లేశ్‌తో, "ఆ బండి ఇచ్చేసి ఒంటెను కొనమను మీ అర్బాబ్‌ను. దానికి ప్లగ్గులుండవు," అన్నాడు.

"ఒంటె నాకు నీల్లు మొయ్యదు ఖాన్ సాబ్. నేనే దానికి మొయ్యాలె," అని మల్లేశ్ హిందీ కలిపి జవాబిచ్చాడు. పఠాను పెద్దగా నవ్వి, కుర్చీలోంచి లేవకుండానే చెయ్యి ఊపాడు. యల్లా, చూసుకోండి అని.

మల్లేశ్ తన పానాతో ప్లగ్గు విప్పాడు. నల్లగా మసిబారి బయటికి వచ్చింది. అలవాటు కొద్దీ దాన్ని చొక్కా చేతికి తుడవబోయాడు. నేను మణికట్టు పట్టుకున్నాను. మసి కిందుగా అక్షరాలు, అంకెలు స్పష్టంగానే ఉన్నాయి. ఫోనులో ఫొటో తీసుకున్నాక మల్లేశ్ దాన్ని ఎక్కడిదక్కడ బిగించి, సీటు దించాడు.

మళ్ళీ మలయాళీ దగ్గరికి వెళ్ళేసరికి మధ్యాహ్నం రెండు దాటింది. నంబరు చూడగానే ఆయనకు విషయం తెలిసిపోయింది. సరుకు తన దగ్గర లేదు. ఈ రకం పడవ మోటార్లకు కూడా వాడతారనీ, ఉమ్ అల్ క్వైన్ చేపల రేవు దగ్గర అడగమనీ అన్నాడు. మల్లేశ్ నా ముఖం చూశాడు. ఆ రేవు అతని తోటకు టాక్సీలో పావుగంట దూరం.

జుబైల్ నుంచి బస్సు పట్టుకుని చీకటి పడేలోగా రేవుకు చేరాం. వలలు, తాళ్ళు, ఫైబరు పడవల మధ్య ఒక ఇరుకు దుకాణం. లోపలాయన ఫొటో చూసి, ఏమీ అడక్కుండా పై అరలోంచి అట్టపెట్టెలు దించాడు. ఒక్కటి అదనంగా కలిపి నాలుగు తీసుకున్నాం. ధర మా టాక్సీలకైన దాంట్లో సగం కూడా లేదు.

ఆ రాత్రి మల్లేశ్ పోర్టా క్యాబిన్‌లోనే పడుకున్నాను. తన మంచం నాకిచ్చి అతను కింద పరుచుకున్నాడు. అన్నం, టమాటా పచ్చడి, ఎండు చేప. ఇలా వెళ్ళేవాళ్ళు దుప్పటి వెంట ఉంచుకోవడం మంచిది. నవంబరులో తోటల్లో చలి ఉంటుంది.

ఉదయం ఆరున్నరకు ప్లగ్గులు బిగించాడు. తాళం తిప్పితే మొదటిసారి దగ్గి ఆగిపోయింది, రెండోసారీ అంతే. గేటు దగ్గర అప్పటికే లారీ హారన్ వినిపిస్తోంది. మల్లేశ్ తాళం వదిలేశాడు. తర్వాత దిగి, మళ్ళీ సీటెత్తి, ఊడివచ్చిన ఒక వైరును బలంగా నొక్కాడు. ఈసారి బండి అందుకుంది. మూడు సిలిండర్లూ సమంగా పలికాయి. అతను నా వైపు చూడను కూడా చూడలేదు. తోటలోని ఎత్తు ట్యాంకు కింద బండి పెట్టి, నీళ్ళు నింపుకుని, వెనక వరుసల వైపు నడుపుకుంటూ వెళ్ళిపోయాడు.

అర్బాబ్ వచ్చేసరికి లారీ డ్రైవరు ఖాళీ చోటు చూస్తూ నిలబడి ఉన్నాడు. ట్రక్కు కనబడలేదు. ఇంజను చప్పుడు మాత్రం మొక్కల అవతల నుంచి వస్తోంది. అర్బాబ్ కాసేపు విని, పాత రేకులు కొన్ని చూపించి లారీవాణ్ణి అవి తీసుకుపొమ్మన్నాడు. మల్లేశ్ తిరిగొచ్చి దిగాడు. ముసఫ్ఫాకు ఎప్పుడు బయల్దేరాలని అడగబోయాడు. అర్బాబే హిందీలో అన్నాడు: "రేపటి నుంచి కొత్త వరుసలకు కూడా నువ్వే పోయాలి." అంతే, ఫోను మాట్లాడుకుంటూ కారెక్కాడు.

నన్ను దింపడానికి మల్లేశ్ ట్రక్కు తీశాడు. మన ఊళ్ళో లాగే ఎడమ తలుపు తెరుచుకుని అతని పక్కన కూర్చున్నాను. గేటు దాకా ఇసుక బాట. తారు రోడ్డుకు బారెడు దూరంలో బండి ఆపేశాడు.

"ఇగ ఈన్నుంచి మీరే పోవాలె సార్," అన్నాడు.

షార్జా బస్సులో కిటికీ పక్కన చోటు దొరికింది. ఇక్కడ మనవాళ్ళ వీసాల్లో రాసి ఉండే పని ఒకటి, వాళ్ళు చేసే పని ఒకటి అని విలేకరిగా చాలాసార్లు రాశాను. దాన్ని అన్యాయంగానే రాశాను, చాలాచోట్ల అది అన్యాయమే. మల్లేశ్ వీసాలో ఇప్పటికీ హెల్పరనే ఉంది. కానీ బస్సు అజ్మాన్ దాటుతున్న ఆ వేళకు, ముళ్ళకంచె లోపల, వెనక వరుసల్లోని మొక్కలకు నీళ్ళు తీసుకువెళుతున్నవాడు డ్రైవరు.