బూట్లు విప్పని అతిథి

జర్మనీలో ప్రద్యుమ్న ర్యాప్ అందుకుంటే హాళ్లు ఊగిపోయేవి. అమెరికా టూర్‌కొచ్చి, డల్లాస్‌లో షో అయ్యాక ఒకణ్ణి కొట్టినందుకు కోర్టు అతని పాస్‌పోర్టు తీసుకుని, ఎక్కడికెళ్లినా కనిపెట్టేలా కాలికి జీపీఎస్ పట్టీ బిగించింది. అప్పటినుంచి డల్లాస్ పక్కనే ఉన్న ప్లేనోలో ఒక్కడే అద్దెకుంటూ, ఎండల్లోనూ పొడుగు బూట్లతోనే తిరుగుతాడు. తెలుగువాళ్లెవరైనా భోజనానికి పిలిస్తే, గుమ్మం ముందు విడిచిన చెప్పులు చూడగానే ఫోనొచ్చినట్టు నటించి వెనుదిరుగుతాడు.

ఆదివారం పక్క ఫ్లాట్ పద్మిని ఆంటీ వ్రతానికి పిలిచింది. గుమ్మం దాకా వెళ్లి, అలవాటుగా ఫోను చెవికి ఆనించాడు. అంతలో బూటులోంచి పట్టీ కుయ్‌మంది. చార్జింగ్ అయిపోవస్తోంది.

"ఆ చప్పుడు రోజూ గోడ ఇవతలికి వినిపిస్తూనే ఉంటుందిలే," అంది ఆంటీ. "సోఫా పక్కన ప్లగ్ ఉంది, నీ చార్జర్ తెచ్చుకో. షూస్ మాత్రం బయటే విప్పు నాన్నా."

ఫోను జేబులో పెట్టేసి వంగిన ప్రద్యుమ్నకి లేసుల ముడి ఎంతకీ ఊడలేదు.