ఉయ్యాల కట్టిన దూలం

దేవరకొండ నుంచి నల్గొండ వెళ్లే బస్సులో నా పక్కన కూర్చున్న యువకుడి ఒడిలో ఒక చిన్న యంత్రం ఉంది. చెక్కకు ఆనిస్తే కంటికి కనిపించని వెలుతురు పంపి, అది గట్టిదో పుచ్చిందో చెబుతుందట. పాత ఇళ్ల కలప కొనే వ్యాపారి పంపగా, ఆ పొద్దున ఒక ఇల్లు చూసి వస్తున్నాడు.

“నడిమి దూలం మొత్తం పుచ్చింది పెద్దాయనా. దానికే పసిపిల్లకు ఉయ్యాల కట్టిన్రు,” అని నవ్వాడు.

“ఇంటోళ్లకు చెప్పినవా బిడ్డా?”

“పైసలిచ్చింది సేటు. సేటుకు చెప్పిన, కొననన్నడు. వాళ్లకు ఫుకట్ల ఎందుకు చెప్పాలె?”

“పోనీ, ఏ ఊరో చెప్పు. నేనే పోయి చెప్త.”

“ఎందుకు, మీరు కొంటరా ఏంది?” అంటూ నడుమ ఒక స్టేజీలో దిగిపోయాడు.

ఇప్పటికీ ఆ దారిన ఎవరింటికి వెళ్లినా, కూర్చోకముందే పైకి చూస్తాను.