పొగ రాని ఇంజను, మా మామయ్య

కుర్ర వయసులో ప్రతివాడికీ లోకాన్ని తనే బాగుచేస్తున్నాననే నమ్మకం ఒకటుంటుంది. నాకు అది కాస్త ఎక్కువ మోతాదులో ఉండేది. చదువవగానే ఏలూరు పక్కన వట్లూరులో, ఇళ్లకీ చిన్నచిన్న పనులకీ జనరేటర్లు తయారుచేసే ఓ చిన్న కంపెనీలో చేరాను. చప్పుడు ఉండకూడదు, పొగ రాకూడదు, పెట్రోలు తక్కువ తాగాలి అని మా చీఫ్ గారి పట్టుదల. అలాంటి ఇంజను తయారయ్యేదాకా మేం తిన్న తిట్లు (పెద్ద వాటా నాదే) అన్నీ ఇన్నీ కావు. తీరా తయారయ్యాక, ఎక్కడైనా నిజంగా వాడి చూడాలన్నారు. నేను వెనకాముందూ చూడకుండా, "కొల్లేటి పక్కన మా మామయ్యకి చేపపిల్లల చెరువుందండీ" అనేశాను.

కరెంటు పోతే నీళ్లలో గాలి కలిపే ఏరియేటర్లు ఆగిపోతాయి. అందులోనూ మబ్బు పట్టిన రోజైతే చేపపిల్లలకి ఊపిరాడదు. అందుకని గట్టు మీద రేకుల పాకలో మామయ్య ఓ పాత ఇంజను పెట్టుకున్నాడు. దాని చప్పుడుకి ఆయన చెవులు సగం మందగించాయి. అక్కడ అందరిదీ ఒకటే పద్ధతి: తాడు లాగి గొట్టం వైపు చూడాలి, నల్లటి పొగ బాగా వస్తే ఇంజను అందుకున్నట్టు, అప్పుడే ఏరియేటర్ స్విచ్ వెయ్యాలి. నేను ఆ పాతదాన్ని అక్కణ్ణించి తీయించేసి, మా ఇంజను దింపి, పొగే రాదని గొప్పగా చెప్పి, నడిపి చూపించాను. మామయ్య తలూపాడు గానీ, ఆయన చూపంతా నా కంపెనీ చొక్కా మీదే ఉంది.

కొన్నాళ్లకి ఓ ముసురు రోజు పొద్దున్నే అత్తయ్య ఫోను. "అబ్బాయ్, కరెంటు పోయింది, మీ ఇంజనేమో అందుకోవట్లేదంట. పిల్లలన్నీ పైకొచ్చి నోళ్లు తెరుస్తున్నాయి, తొందరగా రా." ఆ ఏటి వాళ్ల పంటంతా ఆ చెరువులోనే ఉంది. బైకు మీద ఎలా వెళ్లానో నాకు తెలీదు. దారి పొడుగునా మొక్కని దేవుడు లేడు (అత్తయ్యావాళ్ల ఏసయ్యతో సహా).

వెళ్లేసరికి అత్తయ్య గట్టు మీద చెరువు వైపు చూస్తోంది, మామయ్య తడిసి ముద్దయి, గొట్టం వైపే గుడ్లప్పగించి నిలబడి ఉన్నాడు. రేకుల మీద వాన హోరు. ఇంజను మీద చెయ్యి వేశాను. శుభ్రంగా నడుస్తోంది.

"మామయ్యా, ఇది నడుస్తోంది."

"ఎక్కడ్రా? పొగేదీ?"

"పొగ రాదని చెప్పానుగా."

"కంపెనీవాళ్లు అలాగే చెబుతార్రా. అస్సలు రాదంటే కాస్తయినా వస్తుందనుకున్నాను."

పొద్దుట్నించీ ఆయన తాడు లాగడం, పొగ కోసం చూడటం, రాలేదని ఆపేసి మళ్లీ లాగడం. నేను స్విచ్ వేశాను. ఏరియేటర్ చక్రాలు తిరిగి నీళ్లు చిమ్మాయి. ముగ్గురం చెరువు వైపే చూస్తూ నిలబడ్డాం. కాసేపటికి తేలిన నోళ్లు ఒక్కొక్కటే నీళ్లలోకి దిగిపోయాయి. "స్తోత్రం ప్రభువా" అంది అత్తయ్య. నాకు ప్రాణం లేచొచ్చింది. ఆ కంపెనీ చొక్కాతోనే బురదలో కూలబడ్డాను.

"ఒరే, మీ పెద్దాయనతో చెప్పు, ఇంజను బ్రహ్మాండంగా ఉంది. కాస్త పొగ పెట్టిస్తే చాలు" అన్నాడు మామయ్య.

భయపడుతూనే ఆ మాట చీఫ్ గారికి చేరవేశాను. ఆయన కళ్లజోడు తీసి, కళ్లు తుడుచుకుంటూ నవ్వారు. "పొగ పెట్టలేం గానండీ, పచ్చ బల్బు పెడదాం" అన్నారు. ఆ తర్వాత మేం చేసిన ప్రతి ఇంజనుకీ ఆ బల్బు ఉంది.

ఇప్పుడు ఏలూరులో మా ఇంట్లో మా సరికొత్త జనరేటర్ ఉంది. నడుస్తుంటే పక్కన పిల్లి కూడా నిద్ర లేవదు. కరెంటు పోయినప్పుడల్లా నేను వరండాలోకి వెళ్లి దాని మీద చెయ్యి వేసి చూస్తాను. ఆనాటి కుర్రాడి ధీమాలో సగమైనా నాకిప్పుడు లేదు. "బల్బు వెలుగుతోందిగా, ఇంకా అక్కడేం చేస్తున్నారండీ?" అంటుంది మా ఆవిడ. దుమ్ము తుడుస్తున్నానని చెబుతాను.