జామ్ సీసాలో రెండు నూనెలు

నెరిడా నోస్కే వంటగది కిటికీలో ఎప్పుడూ ఒక జామ్ సీసా ఉంటుంది. అందులో జామ్ ఉండదు. ఇంటికి కొత్త ఇంజన్ ఆయిల్ ఏది వచ్చినా, అది ఎంత పేరున్న సరుకైనా, ముందు పాత ఆయిల్‌తో కలిసి ఆ సీసాలో ఒక పూట ఎండలో కూర్చోవాలి. రెండూ కలిసిపోతే సరే. విడిపోతే ఆ డబ్బా వచ్చిన దారినే పోవాలి. చుట్టుపక్కల ఎస్టేట్ల మగవాళ్లకు ఇదొక వేళాకోళం. "నూనెకి కూడా పరీక్షేనా నెరిడా? పాసైతే సర్టిఫికెట్ ఇస్తావా?" అంటారు. నవ్వితే నవ్వుకోనీ. ఆ రోజు టూ మల్గా ఎస్టేట్‌లో ఆమె పక్క సీట్లో కూర్చున్నవాడు మాత్రం ఆ మాట అనడు.

టూ మల్గా ఆస్ట్రేలియా ఎడారి అంచున ఉంది. అడిలైడ్ నగరం మొహం చూడాలంటే రెండు రోజులు బండి నడపాలి. అక్కడ నెరిడాది బోర్లు తిరిగే ఉద్యోగం. ప్రతి బోరు దగ్గరా ఒక డీజిల్ ఇంజన్, ఒక నీళ్ల ట్యాంకు, ఒక తొట్టి. వాటిని వరసగా చూసుకుంటూ పోవడం, డీజిల్ నింపడం, ఆయిల్ చూడడం. ఇంజన్ ఆగితే తొట్టి ఎండుతుంది, తొట్టి ఎండితే పశువులు పోతాయి. ఆమె మొగుడు డార్సీ కంచెలు చూస్తాడు. ఇద్దరూ అరవై దాటినవాళ్లే. పొద్దున్నే చెరో దిక్కుకు పోతారు, సాయంత్రం టీ దగ్గర కలుస్తారు.

ఆ వేసవిలో గ్యాస్ కోసం నేల తవ్వడానికి వచ్చిన కంపెనీ ఒకటి ఏమీ దొరక్క క్యాంపు ఎత్తేసింది. అక్కడ ఎవరు క్యాంపు ఎత్తేసినా మర్నాడు ఎస్టేటు బండి వెళ్తుంది. తాడు ముక్క, రేకు, కాలు విరిగిన కుర్చీ, ఏదీ వదలరు. దుకాణం అంత దూరంలో ఉన్నప్పుడు పారేసిన వస్తువు అంటూ ఉండదు. డార్సీ ఈసారి సగం నిండిన పీపా ఒకటి దొర్లించుకొచ్చాడు. దాని మీద పెద్ద అక్షరాలతో 'పూర్తి సింథటిక్' అని ఉంది. కింద చిన్న అక్షరాల్లో ఇంకేదో ఉండేది గాని ఎండకు వెలిసిపోయింది.

"రేసు కార్లకి పోసే సరుకు పిల్లా ఇది! మన డొక్కు ఇంజన్లు ఏం పుణ్యం చేసుకున్నాయో," అన్నాడు డార్సీ చేతులు తుడుచుకుంటూ.

"ఊరికే వదిలేసి పోయారంటే ఏదో ఉంటుంది."

"నీకు అనుమానం రానిదేదైనా ఉందా? పెళ్లి రోజు చర్చిలో నన్ను కూడా ఇలాగే చూశావ్."

"ఆ రోజు కూడా నా అనుమానం నిజమే అయిందిగా," అంది నెరిడా. ఇద్దరూ నవ్వుకున్నారు. రెండు డబ్బాల్లోకి ఆ ఆయిల్ పట్టారు. ఒకటి ఆమె బండిలోకి, ఒకటి అతని ట్రక్కులోకి. ఆమె తన డబ్బాలోంచి చాలా మటుకు తూర్పు బోరు ఇంజన్‌లో పోసింది. దానికి ఆయిల్ తగ్గింది మరి. తన బండికి ఇంకా అవసరం పడలేదు.

మరుసటి వారం ఆమె తూర్పు బోరుకు వచ్చేసరికి ఇంజన్ చప్పుడు లేదు. దూరం నుంచే పశువుల అరుపులు వినిపించాయి. ఎండిన తొట్టి చుట్టూ ఒకదానిమీదొకటి పడుతున్నాయి. హ్యాండిల్ తిప్పబోతే ఇంజన్ రాయిలా బిగుసుకుపోయి ఉంది. ఆయిల్ కొలిచే కడ్డీ లాగి చూసింది. చల్లారిన మాంసం పులుసు మీద పేరుకున్న కొవ్వులాంటిదేదో దానికి అంటుకుని వచ్చింది.

నీళ్లు దిగాయేమో అనుకుంది ముందు. ట్యాంకు చూసింది, గొట్టాలు చూసింది. ఎక్కడా తేడా లేదు. అప్పుడు బండిలో టీ కోసం ఉంచుకున్న చక్కెర సీసా ఖాళీ చేసి, ఇంజన్ షెడ్డులో ఉన్న మామూలు ఆయిల్ సగం, తన డబ్బా అడుగున మిగిలిన కొత్త ఆయిల్ సగం పోసి గట్టిగా కుదిపి ఎండలో పెట్టింది. పాలలా తెల్లబడింది. చూస్తుండగానే రెండుగా విడిపోయింది. పాతది పైన, కొత్తది కింద, మధ్యలో జిగురు.

నూనెల్లో జాతులున్నాయి. భూమిలోంచి తీసి శుద్ధి చేసింది ఒకటి. కర్మాగారంలో తయారుచేసింది మరొకటి. ఇంజన్ కోసం చేసినదైతే అది ఎండకు పలచబడదు, చలికి గడ్డకట్టదు, పాతదానితో చక్కగా కలుస్తుంది, ఇంజన్‌కు రెట్టింపు ఆయుష్షు ఇస్తుంది. కాని ఆ సింథటిక్ అనే పేరు కిందే గాలి కంప్రెసర్లకు పోసే జాతి ఒకటుంది. దాని చోట అది బంగారమే. భూమి నూనెతో మాత్రం దానికి పొసగదు. రెండూ కలిస్తే జిగురు కట్టి, ఆయిల్ పోవలసిన సన్నని దారులన్నీ మూసేస్తుంది. లోపల ఇనుము ఇనుముతో రాసుకుని అతుక్కుపోతుంది. ఈ సంగతంతా ఆమెకు తర్వాత పట్నం మెకానిక్ చెప్పాడు. ఆ మధ్యాహ్నం ఆమెకు తెలిసింది ఒక్కటే. రెండో డబ్బా డార్సీ దగ్గర ఉంది.

గబగబా బండి దగ్గరికి పరుగెత్తింది. అతను పొద్దున్నే ఇసుక దిబ్బల వైపు కంచెకు వెళ్లాడు. రేడియోలో పిలిచింది. గరగర తప్ప ఏమీ లేదు. దిబ్బల అవతలికి ఆ రేడియో గొంతు ఎప్పుడూ అందదు. పశువులు పక్క బోరుకు పోయేలా కంచె గేటు తెరిచి, నీళ్ల డబ్బాలు సరిచూసుకుని బండెక్కింది.

"ట్రక్కు వదిలి నడవకు ముసలాడా," అని దారి పొడుగునా గొణుక్కుంటూనే ఉంది. "నడిచావంటే నిన్ను చంపేస్తా."

మూడో దిబ్బ ఎక్కగానే ట్రక్కు కనిపించింది. బానెట్ ఎత్తి ఉంది. ముందు సీట్లో ఎవరూ లేరు. కంచె మీద కాకులు కూర్చుని ఉన్నాయి. నెరిడా దిగి ట్రక్కు వైపు పరుగెత్తింది.

"ఎవరు చచ్చారని ఆ మొహం?" అంటూ ట్రక్కు అవతలి నీడలోంచి డార్సీ లేచాడు. చేతిలో సగం తిన్న కేకు ముక్క ఉంది.

ఆమె అతని భుజం మీద రెండు దెబ్బలు వేసింది. తర్వాత అక్కడే ఇసుకలో కూలబడి ఏడ్చింది. అంత ఏడుపు లోపల ఉందని ఆమెకే తెలియదు. బోరు సంగతంతా చెప్పి, "ఆ డబ్బా పోశావా? బానెట్ ఎందుకు ఎత్తావ్?" అంది.

"ఇంజన్ వేడెక్కింది, చల్లారాలని. దీంట్లో ఆయిల్ సరిపడా ఉంది."

"అయితే ఆ డబ్బా ఏది?"

డార్సీ కేకు ముక్క కింద పెట్టాడు. "పొద్దున ఈ కంచె గేటు దగ్గర ఒక జంట కనిపించారు నెరీ. చిన్నవాళ్లు. పాత స్టేషన్ వ్యాగన్. దానికి ఆయిల్ తగ్గింది, ఎడారి దాటుతున్నాం అన్నారు." అతని మాట సన్నబడింది. "డబ్బా మొత్తం నేనే పోశా. నా చేత్తో."

తీరిందనుకున్న భయం మళ్లీ మొదటికొచ్చింది. ఆ దారిలో వారానికి ఒక బండి వస్తే ఎక్కువ. ఇద్దరూ ఆమె బండెక్కారు. ఇసుకలో వ్యాగన్ చక్రాల జాడ తిన్నగా తూర్పుకు పోతోంది. ప్రతి దిబ్బ ఎక్కేటప్పుడూ అవతల ఏముంటుందోనని నెరిడా ఊపిరి బిగపట్టేది. అవతల ఇంకో దిబ్బే ఉండేది. డార్సీ కిటికీలోంచి తల బయటపెట్టి జాడ చూస్తూనే ఉన్నాడు.

ఎండ వాలుతుండగా చక్రాల జాడ పక్కన అడుగులు కనిపించాయి. ఒక మనిషివి. వాళ్లకు ఎదురుగా వస్తున్నట్టున్నాయి.

"ఆపు," అన్నాడు డార్సీ. దిగి చూశాడు. అడుగులు కాస్త దూరం వంకరటింకరగా వచ్చి, ఒక ఎండు పొద చుట్టూ తిరిగాయి. పొద కింద ఒక బూటు పడి ఉంది. మనిషి లేడు. డార్సీ ఆ బూటు చేత్తో పట్టుకుని ఇసుకంతా వెతికాడు. చివరికి నెరిడాకు కనిపించింది, అడుగులు పొద దగ్గర వెనక్కి తిరిగాయి. ఒక కాలికి బూటు లేకుండానే, వచ్చిన వైపే పోయాయి.

తర్వాతి దిబ్బ వెనక వ్యాగన్ ఆగి ఉంది. దాని నీడలో ఆ జంటలోని పిల్ల పడుకుని ఉంది. మొహం ఎర్రగా కమిలింది, కళ్లు మాత్రం కదులుతున్నాయి. పిల్లవాడు ఆమె తలపక్కనే కూర్చుని ఉన్నాడు. బూటు కరవడంతో విప్పి పారేసిన కాలు బొబ్బలెక్కింది. నడిచి పోదామని బయల్దేరి, ఆమె హారన్ మోగిస్తుంటే వదిలి పోలేక తిరిగొచ్చాడు. తెచ్చుకున్న నీళ్లు కొంచెమే, అందులోనూ సగం ఇంజన్ వేడెక్కితే దాని మీద పోసేశారు.

నెరిడా ఆ పిల్ల తల ఒళ్లో పెట్టుకుని గుక్క గుక్కగా నీళ్లు పట్టింది. "మెల్లగా తల్లీ, మెల్లగా. బోలెడు ఉన్నాయి," అంది.

డార్సీ బూటు కింద పెట్టి, పిల్లవాడికి నీళ్ల గ్లాసు అందించాడు. వాడు తాగి, పగిలిన పెదవులతో నవ్వబోయాడు. గేటు దగ్గర చూసిన ముసలాయన్ని గుర్తుపట్టాడు.

"మీరా పెద్దాయనా! దేవుడిలా వచ్చారు. పొద్దున మీరు ఆ ఆయిల్ పోయకపోతే ఇంత దూరమైనా వచ్చేవాళ్లం కాదు. మీ మేలు మరిచిపోం."

డార్సీ నీళ్ల డబ్బా పట్టుకునే వ్యాగన్ ఇంజన్ వైపు తిరిగాడు. అతని చేతిలోంచి డబ్బా తీసుకుని, పిల్లవాడి గ్లాసు మళ్లీ నింపింది నెరిడానే.

"ముందు ఇది తాగు నాయనా," అంది. "ఆ నూనె సంగతి నీకు చెప్పాలి. చెప్తాం. ముందు తాగు."