తొమ్మిదంకెల నంబరు

దయ్యాలు, శకునాలు అంటే నాకు నవ్వొచ్చేది. సినిమాలకూ సీరియళ్లకూ సెట్లు వేసే ఆర్ట్ విభాగంలో నా పని. థర్మాకోల్‌తో శ్మశానాలు కట్టి, వాటి పక్కనే కూర్చుని అన్నం తిన్నదాన్ని. నేను దేన్ని చూసి భయపడతాను?

కిందటేడు మా మైపాడు తీరంలోనే ఒక సీరియల్ తీశారు. అందులో ఐసు దుకాణం బోర్డు నేనే రాశాను. తెర మీద నిజం నంబరు కనిపిస్తే జనం ఊరుకోరు, ఎవరో ఒకరిని ఫోన్లతో చంపుకుతింటారు. అందుకే నోటికొచ్చిన అంకెలు వేసి, కావాలనే ఒకటి తగ్గించాను. తొమ్మిదే. ఎవరు చేసినా ఎక్కడా మోగదు.

షూటింగ్ అయ్యాక ఆ చెక్కబోర్డును మా తమ్ముడు శీనయ్య తీసుకుపోయి, పడవలో ఐసుపెట్టెకు మూత చేసుకున్నాడు.

ఆ తర్వాత ఒకరోజు వాడూ, వాడి స్నేహితుడు పోలయ్యా వేటకు వెళ్లారు. మధ్యాహ్నానికి గాలి లేచింది. మిగతా పడవలన్నీ ఒడ్డుకొచ్చాయి, వాళ్లది రాలేదు. శీనయ్య ఫోను పలకలేదు. పోలయ్య కొత్త నంబరు ఎవరి దగ్గరా లేదు. అమ్మ ఇసుకలో కూలబడింది. ఏ వైపు వెతకాలో తెలియక నాన్నా, బెస్తవాళ్లూ పడవల దగ్గర నిలబడిపోయారు.

అప్పుడు నా ఫోను మోగింది. తెలియని నంబరు.

"ఐసు దుకాణమా అన్నా? మేం మైపాడోళ్లం. ఇంజను ఆగిపోయింది, పడవలోకి నీళ్లొస్తుండాయి. ఇస్కపల్లి లైట్‌హౌస్‌కు ఎదురుగా ఉండాం. ఎవరికన్నా చెప్పన్నా!"

"శీనా! నేనురా, అక్కను!" అని అరిచాను.

"అక్కా? నువ్వెట్ట ఎత్తినావు?"

అంతే, లైను తెగిపోయింది.

మూడు పడవలు ఇస్కపల్లి వైపు దూసుకుపోయాయి. పొద్దు వాలకముందే నాన్న వాళ్లిద్దరినీ తీసుకొచ్చాడు. తీరమంతా ఒకటే కేకలు, ఈలలు. అమ్మ నడుములోతు నీళ్లలోకి పరుగెత్తి, ముందు వాడి చెంప పగలగొట్టింది, తర్వాత వాటేసుకుంది.

శీనయ్య ఫోను నీళ్లలో పడిపోయిందట. పోలయ్య కొత్త ఫోనులో ఒక్క నంబరూ ఎక్కించలేదు. మా నంబర్లేవీ వాళ్లకు నోటికి రావు. అత్యవసర నంబరు కలవలేదు. కళ్ల ముందు మూత మీద ఉన్నది అదొక్కటే, శీనయ్య దాన్నే నొక్కాడు.

పోలయ్య ఫోనులో చూశాను. నేను రాసిన ఆ తొమ్మిదంకెలే ఉన్నాయి. నా ఫోనులో, అదే సమయానికి, పోలయ్య నంబరు ఉంది. ఫోన్ల సంగతి తెలిసినవాళ్లను అడిగితే అలా కలవడం కుదరదన్నారు. తర్వాత నేనే ఎన్నోసార్లు చేసి చూశాను. నంబరు సరిచూసుకోమంటుంది.

నేను ఇదంతా తవ్వుతుంటే నాన్న విసుక్కున్నాడు. "ఇంక అడగబాకమ్మా. మనోడు వచ్చినాడు గదా!"

అది ఎలా మోగిందో నాకు ఇప్పటికీ అంతుపట్టలేదు. ఇవాళ పొద్దున శీనయ్య చెయ్యంత పొడుగు వంజరం చేపను భుజాన వేసుకుని, వీధి మొదటి నుంచే "అక్కా, కత్తిపీట తియ్!" అని అరుస్తూ వచ్చాడు.