ఊరికే చంద్రగిరికి

ఇవాళ పొద్దున మా వీధి మొదట్లో ఎవరో వేడి ఇసుకలో చెనక్కాయలు వేయించారు. పొట్టు మాడిన వాసన వంటింట్లోకి వచ్చేసరికి నా చేతిలో గరిటె ఆగిపోయింది. మునెమ్మక్క వచ్చిందేమో అనుకున్నాను, నిజంగానే! ఆవిడ కొంగులో ఎప్పుడూ గుప్పెడు వేయించిన కాయలుండేవి. మాట్లాడుతూ ఒలిచేది, ఒలుస్తూ మాట్లాడేది, గింజలు మాత్రం ఎదుటివాళ్ల చేతిలో పోసేది. ఇప్పుడావిడ కర్నూలులో కూతురి దగ్గరుంది, ఎక్కడినుంచి వస్తుంది? నేనలా నిలబడి ఉండగానే చారు పొంగి పొయ్యి ఆరిపోయింది. పోనీ, మళ్లీ రాజేసేలోగా ఆవిడ సంగతి చెప్పేస్తాను.

చిత్తూరులో మాదీ ఆవిడదీ పక్కపక్క ఇళ్లు. మధ్య గోడ నడుమెత్తు. ఆవిడ మొగుడు బతికున్నన్నాళ్లూ నాటకాల కంపెనీలో తెరలు కట్టేవాడు. ఈవిడ ఉడుపులు కుట్టేది, అందరికీ వండేది. నలుగురు పిల్లల్ని ఎడ్లబండ్లలో, రైలు స్టేషన్లలో, రాజుల కిరీటాల పెట్టెల మధ్య పెంచింది. ఆయన పోయాక చిత్తూరులో ఇల్లు తీసుకుని రవికెలు కుడుతూ ఉండిపోయింది. మా అత్త ఆవిడను "నాటకాల మునెమ్మ" అనేది. పొగడ్తగా కాదులెండి.

అప్పట్లో నా బాధంతా మా పెద్దవాడు గోపాలు. అయిదేళ్లవాడు. నేను అన్నం మూట కట్టానంటే చాలు, మంచం కింద దూరేవాడు. బస్సు కూత వినబడితే చెవులు మూసుకునేవాడు. గూడూరులో మా అమ్మ కాళ్లు పడిపోయి మంచంలో ఉంది. మా చిట్టి పుట్టి రెండేళ్లవుతున్నా ఆమె దాని మొహమే చూడలేదు. పిల్లల్ని తీసుకెళ్దామని రెండుసార్లు బయల్దేరాను. రెండోసారి చిత్తూరు స్టేషన్లో వీడు ఊపిరి బిగబట్టి మొహం నీలం చేసుకున్నాడు. రైలు వెళ్లిపోయింది. ఇంటికి తిరిగొచ్చి పెరట్లో కూర్చుని ఏడుస్తుంటే గోడ అవతలినుంచి మునెమ్మక్క తల కనిపించింది.

"ఏం అమ్మణ్ణీ, మీ వోడు ఎన్నిసార్లు ఊరికి పోయినాడు ఇంతవరకూ?" అని అడిగింది.

లెక్క చెప్పాను. తిరుమలకు వెళ్లి గుండు చేయించాం. కాళహస్తిలో చెవులు కుట్టించాం. కిందటేడు జామచెట్టు మీంచి పడి చెయ్యి విరగ్గొట్టుకుంటే, బొగ్గుతో నడిచే బస్సులో పుత్తూరుకు తీసుకెళ్లి కట్టు కట్టించాం.

"పుత్తూరుకు పోయేటప్పుడు వానికి ఏం చెప్పినారు?"

"వాళ్ల నాయన జిలేబీ కొనిపెడతానన్నాడు."

మునెమ్మక్క నవ్వలేదు. చేతిలోని కాయ పగలగొట్టి గింజలు నా చేతిలో వేసింది. "జిలేబీ అని పిలుసుకోని పోయి చెయ్యి పట్టి లాగితిరి. పెద్దోళ్లు నవ్వతా బండెక్కిస్తే, దిగినాక కత్తో, సూదో, కట్టో ఉంటాదని వాడు కనిపెట్టినాడు. తెలివైనోడు మే! వానికి జబ్బేమీ లేదు. ఒక్కతూరి ఎవురూ వాన్ని ఏమీ చెయ్యని ఊరికి తీసుకోని పోవాల. అంతే."

అటువంటి ఊరు ఎక్కడుంటుంది? పెళ్లికో, చావుకో, మొక్కుకో, వైద్యానికో తప్ప మా ఇళ్లలో ఎవరూ గడప దాటి ఎరగరు. "చంద్రగిరికి పోదాం, నేనూ తోడొస్తా" అంది మునెమ్మక్క. ఆ రాత్రి భోజనాల దగ్గర చంద్రగిరి మాట ఎత్తితే మా అత్త విస్తరిలోంచి చెయ్యి తీసేసింది.

"చంద్రగిరిలో మనకెవురుండారు?"

"ఎవరూ లేరత్తా. కోట చూసి, ఏట్లో ఆడుకుని, ఒక రాత్రి సత్రంలో పడుకుని వచ్చేస్తాం."

"ఊరికే పోతారా? ఊరికే! ఇంట్లో కూసోనుండేదానికి నొప్పులా?" అంది. మా ఆయన మాత్రం కోర్టు గుమాస్తా గాబట్టి రెండు పక్షాలూ విన్నాడు. "వాడు రైలెక్కితే అదే పదివేలు, పోయి రానీమ్మా" అన్నాడు. అప్పుడు మా అత్త తీర్పు మార్చింది. "అట్లయితే నేనూ వస్తా. నాటకాలామెను నమ్మి బిడ్డల్ని పంపేదా?"

ఆ వారమంతా మునెమ్మక్క పెరట్లో ప్రయాణం నడిచింది. చెప్పాలంటే అది మూటాముల్లె సర్దుకునే ప్రయాణం కాదు. బోర్లించిన చట్టి చిత్తూరు, తిరగలి పాకాల, రోలు చంద్రగిరి. నాటకంలో ఏ రంగం వెనక ఏ రంగం వస్తుందో వేషగాడికి ముందే తెలియాలట, తెలియకపోతే ఎంతటి రాజైనా తెర వెనక వణుకుతాడట. అందుకని వాడికి రంగాలు చెప్పేది. మంచివే కాదు, చెడ్డవి కూడా!

"రైలు కూత పెడతాది. నీకు భయమేస్తాది. మీ యమ్మ కొంగు పట్టుకుంటావు. జనం తోస్తారు. కంట్లో బొగ్గు నలుసు పడతాది, మంట పుడతాది, సెంబులో నీళ్లు పెట్టుకోని పోతాం. పాకాలలో బండి శానాసేపు నిలబడతాది. ఆడ నీకు ఏడుపొస్తే ఏడువు. నేనూ ఏడుస్తా కావాలంటే."

"కట్టు కడతారా?" వాడు తిరగలి వెనక నిలబడి అడిగేవాడు.

"కట్టరు."

"గుండు?"

"ఎవురికీ గియ్యరు."

"మరెందుకు పోయేది?"

"సూసేదానికి రా, రాజా!"

రోజూ అవే ప్రశ్నలు, అవే జవాబులు. ఆవిడకు విసుగన్నది లేదు. మధ్యలో ఒకసారి నేను, "కోటలో ఏనుగు ఉంటుందిరా గోపాలూ" అని ఊరించబోయాను. ఆవిడ నా వైపు చూసిన చూపు ఇంకా గుర్తుంది. "ఏనుగు లేదు" అంది వాడితో, నెమ్మదిగా. "రాళ్లుండాయి, కోతులుండాయి, ఇసక ఉండాది. అంతే." "కోతులు సాలు" అన్నాడు వాడు.

శనివారం పొద్దున మా ఆయన స్టేషన్ దాకా వచ్చాడు. రైలు కూత పెట్టగానే వాడు నా కొంగు పట్టుకున్నాడు. పట్టుకుని, మునెమ్మక్క మొహంలోకి చూశాడు, ఇదేగా నువ్వు చెప్పింది అన్నట్టు. తర్వాత వాడంతట వాడే మెట్టు మీద కాలు పెట్టాడు. నేనైతే కళ్లు తుడుచుకోవడానికి కూడా భయపడ్డాను. ఆ పక్కనే మా అత్త "అమ్మో" అంటూ కంటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది, నలుసు పడి. "దీనికి నీళ్లుండాయి అవ్వా" అన్నాడు గోపాలు ఎంతో గంభీరంగా, చెంబు తీసి. పాకాలలో ఏడవడం మరిచిపోయి, చంద్రగిరి రాబోతుండగా గుర్తొచ్చి, "ఇప్పుడు ఏడవచ్చా?" అని అడిగాడు. మా రైలుపెట్టెలో వాళ్లంతా నవ్వారు. మా అత్త కూడా.

చంద్రగిరి ఎంత ముచ్చటైన ఊరో! కొండను ఆనుకుని కోట, గోడల మీద ఎండ, రాజుగారి మేడ అరుగుల మీద మేకలు. సాయంత్రం స్వర్ణముఖి ఇసుకలో పిల్లలు చెలమ తవ్వారు. నీళ్లు ఊరగానే చిట్టి అందులో కూర్చుంది. మునెమ్మక్క చీర మోకాళ్లదాకా ఎగదోపుకుని వాళ్లతోపాటు తవ్వుతుంటే మా అత్త, "ఈ వయసులో సిగ్గు లేదు" అని, కాసేపటికి తనే ఒడ్డున కూర్చుని ఇసుక గూళ్లు కట్టింది.

ఆదివారం పొద్దున సత్రం అరుగు మీద చిట్టికి జడ వేస్తున్నాను. ఎదురుగా కొండల వరస. మా అత్త అటు చూసి దండం పెట్టుకుని, ఉన్నట్టుండి అంది: "చిట్టి తలనీలాల మొక్కు అట్లే ఉండాది. ఇంతదూరం వచ్చి, సామి కాళ్ల కాడ నిలబడి, ఎక్కకుండా పోతామా? తిరుపతి ఎంత దూరమని! జట్కా మాట్లాడతా. సందేళకంతా గుండు గీయించుకోని వచ్చేయొచ్చు."

గోపాలు తింటున్న ఇడ్లీ కింద పెట్టాడు. అరవలేదు, ఏడవలేదు. మెల్లగా వెళ్లి సత్రం స్తంభాన్ని రెండు చేతులా వాటేసుకున్నాడు. వాడి వీపు చూస్తే తెలిసిపోయింది నాకు, ఇప్పుడు ఈ జట్కా ఎక్కితే ఇక గూడూరు రైలు వాడు ఎన్నటికీ ఎక్కడని. నేను మునెమ్మక్క వైపు చూశాను. ఆవిడ కాయ ఒలుస్తోంది.

"నన్ను సూడబాక అమ్మణ్ణీ. బిడ్డలు నీవాళ్లు" అంది.

మా అత్తకు అంతకు ముందెప్పుడూ ఎదురు చెప్పలేదు నేను. ఉప్పు ఎక్కువైందంటే ఎక్కువైందనేదాన్ని, తక్కువైందంటే తక్కువైందనేదాన్ని. "ఈ తూరి వొద్దత్తా" అన్నాను.

"దేవునికే వొద్దంటావా?"

"దేవుడికి కాదత్తా. ఆయనకు మాటిచ్చినాం, తీరుస్తాం. గుండుకేనని ముందే చెప్పి, ఇంకో తూరి వస్తాం. వీడికి కూడా మాటిచ్చినాం గదా, ఎవురికీ గుండు గియ్యమని. సామి పెద్దాయన, ఆగతాడు. వీడు సిన్నోడు."

మా అత్త కొండకు మళ్లీ దండం పెట్టుకుంది. తర్వాత లెంపలు వేసుకుని, పసుపు గుడ్డ అడిగి తీసుకుని, అందులో ఒక కాసు ముడుపు కట్టింది. "సామీ, ఆలస్యానికి ఏమనుకోబాక. కోడలు వకీలైపొయ్యింది" అంది. తర్వాత స్తంభం వైపు తిరిగింది. "ఏం రా, ఇడ్లీ సల్లారిపోతాండాది. కోతులొస్తే నన్ను అడగబాక."

వాడు ఒక చెయ్యి వదిలాడు. కాసేపటికి రెండోది.

నెల తిరక్కుండా గూడూరు రైలెక్కాం. ఈసారి పెరట్లో రంగాలు చెప్పింది నేనే. మునెమ్మక్క గోడ మీద గడ్డం ఆనించుకుని వింటూ కూర్చుంది. అవ్వ లేచి నడవదనీ, మందుల వాసన వస్తుందనీ కూడా వాడికి చెప్పాను. వాడు నేరుగా మా అమ్మ మంచం దగ్గరకు వెళ్లి, "నువ్వు నడవ్వంట గదా, నేనే ఆడికొస్తా" అని పైకెక్కి కూర్చున్నాడు. చిట్టిని ఒళ్లో పెట్టుకుని మా అమ్మ ఎంతసేపు దాని వేళ్లు తడిమిందో.

తిరిగొచ్చేనాడు మా అమ్మ నా చెయ్యి పట్టుకుని, "మళ్లా ఎప్పుడొస్తావే?" అంది. వచ్చే నెలే వచ్చేస్తానమ్మా అనడం మా అలవాటు. నోటిదాకా వచ్చింది. ఆపుకున్నాను. "తెలీదమ్మా. ఈయనకు సెలవు దొరకాల. వానల్లోగా రాలేను. కానీ వస్తా" అన్నాను. ఆమె కళ్లలో నీళ్లు తిరిగాయి, కానీ చెయ్యి వదిలింది. "అట్ల చెప్పినావు, మంచిపని చేసినావు. దినామూ వాకిలి సూసే పని తప్పింది నాకు" అంది.

మునెమ్మక్క నాకు నేర్పింది ఇదొక్కటే, కానీ ఇది చిన్నది కాదు. నాకు ఇప్పుడు ముగ్గురు. చిన్నదాన్ని ఏమార్చి, పెరటి దారిన బజారుకు జారుకోవడం నాకు చేతకాదు. ఎక్కడికి వెళ్తున్నానో, ఎప్పుడు వస్తానో వాకిట్లో కూర్చుని చెబుతాను. అది గట్టిగా ఏడుస్తుంది. ఏడుస్తూనే, నేను గడప దాటగానే, తలుపు తనే దగ్గరికి వేసుకుంటుంది.